జామాయిల్ తోట అడిగిన ప్రశ్న: కంపెనీల లెక్కలు పక్కపక్కన పెట్టి చదవడం

పోయిన దసరా సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మా నాన్న నన్నొక ప్రశ్న అడిగాడు. దానికి జవాబు వెతుక్కుంటూ నేను చేసిన తప్పులు, నేర్చుకున్న సంగతులే ఈ వ్యాసం.

మా ఊరు బూర్గంపాడు మండలంలో, అడవి అంచున ఉంటుంది. రాత్రిపూట మా డాబా ఎక్కితే సారపాక కాగితం మిల్లు లైట్లు కనపడతాయి. మాకు నాలుగెకరాల జామాయిల్ తోట ఉంది. పుస్తకాల్లో యూకలిప్టస్ అని రాస్తారు గానీ మా వైపు ఆ పేరు ఎవరి నోటా రాదు. మొదటి కోత డబ్బులతోనే నేను ఈ కాలేజీలో చేరాను. ఇప్పుడు నరికిన మోళ్ల నుంచి చిగుళ్లు వచ్చాయి. వాటిని అలాగే పెంచితే నాలుగేళ్లకు రెండో కోత వస్తుంది. వద్దనుకుంటే మోళ్లు పెకిలించి, మా పక్క చేను వాళ్లలాగా పామాయిల్ పెట్టాలి. అప్పటికి మా తమ్ముడు కూడా ఇంజనీరింగ్‌కి వస్తాడు. ఏది చేసినా మళ్లీ వెనక్కి తీసుకోలేని నిర్ణయం.

నాన్న అన్నాడు: "బిడ్డా, మిల్లుకు లాభాలు పడిపోయినయని హోటల్ కాడ అందరూ అంటున్నరు. మిల్లే దెబ్బతింటే మన కర్ర ఎవరు కొంటరు? నువ్వు ఆ కంప్యూటర్ల చూసి నిజమేందో చెప్పు."

నేను అప్పటికప్పుడే ఫోన్ తీసి వెతికాను. ఒక్క నిమిషంలో జవాబు దొరికింది. "నానా, ఆ కంపెనీకి 2023-24లో వచ్చిన నికర లాభం 20 వేల కోట్ల పైన. నీకేం భయం లేదు" అన్నాను.

నాన్న నవ్వాడు. "అయ్యి సిగరెట్ల పైసలు గాదా బిడ్డా!"

నిజమే. మొదటి పాఠం నాకు ఇంట్లోనే చెప్పారు.

మనం ఎవరిని చూస్తున్నాం?

సారపాక మిల్లు ఒకప్పుడు విడి కంపెనీ. 1979లో ఐటీసీ ప్రోత్సాహంతో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ మొదలైంది. దానికి తన సొంత షేర్లు, సొంత వార్షిక నివేదిక ఉండేవి. 2002 మార్చిలో అది ఐటీసీలో విలీనమైంది. అదే ఏడాది నవంబరులో ఐటీసీకే చెందిన త్రివేణి టిష్యూస్ విభాగంతో కలిసి ఒకే కాగితం విభాగంగా మారింది. అంటే 2002కు ముందు మిల్లు లెక్క మిల్లుకే ఉండేది. ఆ తర్వాత ఉమ్మడి కుటుంబంలో కలిసిపోయింది. ఉమ్మడి సంసారంలో పెద్ద కొడుకు ఎంత తెచ్చాడో, చిన్న కొడుకు ఎంత తెచ్చాడో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

దానికి ఒక దారి ఉంది. భారతీయ లెక్కల ప్రమాణాల్లో 108వ నంబరుది ఒకటుంది. ఒక కంపెనీ రకరకాల వ్యాపారాలు చేస్తుంటే ఒక్కో వ్యాపారం లెక్క విడిగా చూపించాలని అది చెబుతుంది. దీన్నే సెగ్మెంట్ రిపోర్టింగ్ అంటారు. ఐటీసీ నివేదికలో సిగరెట్లు, ఇతర వినియోగ వస్తువులు, వ్యవసాయ వ్యాపారం ఇలా వరుసగా ఉంటాయి. వాటిలో "పేపర్ బోర్డ్స్, పేపర్ అండ్ ప్యాకేజింగ్" అనేది మనకు కావలసిన వరస.

ఆ వరసలో అమ్మకం, వడ్డీ పన్నులకు ముందు లాభం, ఆస్తులు, అప్పులు, తరుగుదల దొరుకుతాయి. నికర లాభం దొరకదు. ఒక్క సారపాక మిల్లు లెక్క కూడా దొరకదు. ఎందుకంటే ఆ వరసలో వేరే ఊళ్ల మిల్లులు, ప్యాకేజింగ్ కూడా కలిసి ఉంటాయి. అదీగాక ఆ విభాగం తయారుచేసే అట్టలో కొంత సొంత కంపెనీ అవసరాలకే పోతుంది. అందుకే "బయటి అమ్మకం", "సెగ్మెంట్ల మధ్య అమ్మకం" అని రెండు అంకెలు వేరుగా ఇస్తారు. ఏ అంకె వాడుతున్నామో ముందే రాసిపెట్టుకోవాలి.

లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

మన జిల్లాల్లోనే మూడు పరిశ్రమలు మూడు రకాలుగా ఉన్నాయి. వాటిని చూస్తే దేశంలో ఏ కంపెనీ లెక్క ఎక్కడ వెతకాలో అర్థమైపోతుంది.

మొదటిది కాగితం, అంటే షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీలు. ఇవి మూడు నెలలకోసారి ఫలితాలు చెప్పాలి. త్రైమాసికం ముగిశాక 45 రోజుల్లో, ఏడాది చివరి ఫలితాలైతే 60 రోజుల్లో ఇవ్వాలని సెబీ నిబంధన. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో కంపెనీ పేరు కొడితే అన్నీ ఉచితంగా దొరుకుతాయి. స్క్రీనర్, మనీకంట్రోల్ లాంటివి ఆ అంకెలనే పట్టికగా పేర్చి చూపిస్తాయి. తొందరగా చూసుకోవడానికి అవి చాలు. నిర్ణయం తీసుకునేటప్పుడు మాత్రం అసలు వార్షిక నివేదిక తెరవాల్సిందే. పట్టికలో ఒక అంకె ఎందుకు మారిందో పట్టిక చెప్పదు, నివేదికలోని నోట్స్ చెబుతాయి.

రెండోది బొగ్గు. సింగరేణి షేర్లు ఇవాళ మార్కెట్లో దొరకవు. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఒకప్పుడు దాని షేరు ధర లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో పలికేదని, 1945లో నిజాం ఎక్కువ వాటా కొన్నాడని చదివి నేను ఆశ్చర్యపోయాను. మార్కెట్లో లేదు కదా అని లెక్కలు దాచే వీలు లేదు. ప్రభుత్వ కంపెనీ కాబట్టి కాగ్ పరిశీలన ఉంటుంది, వార్షిక నివేదిక శాసనసభ ముందుకు వస్తుంది. ఇక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలైనా సరే, ప్రతి ఏడాదీ తమ లెక్కలను రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గర దాఖలు చేయాలి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో 100 రూపాయలు కడితే ఆ పత్రాలు ఎవరైనా చూడొచ్చు.

మూడోది గ్రానైట్. ఖమ్మం చుట్టూ ఉన్న కటింగ్, పాలిషింగ్ యూనిట్లలో చాలావరకు ఒక్కరి సొంతమో, నలుగురు భాగస్వాములు కలిసి పెట్టినవో. వాటి లెక్కలు ఆదాయపు పన్ను శాఖకు తెలుస్తాయి గానీ మనకు తెలియవు. ఇలాంటి చోట ఒక్కో యూనిట్ కోసం వెతకడం మానేసి మొత్తం పరిశ్రమను చూడాలి. కేంద్ర గణాంక శాఖ ఏటా పరిశ్రమల వార్షిక సర్వే చేస్తుంది. కరెంటు వాడుతూ 10 మంది, కరెంటు లేకుండా 20 మంది పనిచేసే రిజిస్టరైన ఫ్యాక్టరీలు అందులోకి వస్తాయి. ఎన్ని ఫ్యాక్టరీలు, ఎంత పెట్టుబడి, ముడిసరుకు ఖర్చు, జీతాలు, ఉత్పత్తి విలువ అన్నీ రాష్ట్రాల వారీగా ఇస్తారు. ప్రతి పరిశ్రమకూ ఒక కోడ్ ఉంటుంది. 2008 నాటి జాతీయ పరిశ్రమల వర్గీకరణలో కాగితం 17, రాయి కోసి నునుపు చేసే పని 2396. ఒక్క జాగ్రత్త: ఈ సర్వే ఫ్యాక్టరీలది, గనులది కాదు. సింగరేణి కోసం ఇందులో వెతికితే టైమ్ వేస్ట్.

ఇవిగాక రిజర్వ్ బ్యాంకు వేల కంపెనీల లెక్కలు కలిపి, రంగాల వారీగా అమ్మకాలు, లాభాల శాతాలు ప్రచురిస్తుంది. సీఎంఐఈ వాళ్ల ప్రోవెస్ లాంటి డేటాబేస్‌లకు డబ్బు కట్టాలి. కానీ కొన్ని మేనేజ్‌మెంట్ కాలేజీల లైబ్రరీల్లో ఉంటుంది. తెలిసినవాళ్లు ఎవరైనా అక్కడ చదువుతుంటే అడగండి, మొహమాటపడకండి.

పోల్చేటప్పుడు పడే గుంతలు

లెక్కలు దొరికాయి. ఒక ఎక్సెల్ షీట్‌లో ఐదు కంపెనీలను వరుసగా పెట్టాను. చూడ్డానికి చాలా బాగుంది. కానీ అందులో నాలుగు తప్పులున్నాయని తర్వాత తెలిసింది.

ఒకటి, ఉమ్మడి లెక్కా, విడి లెక్కా అన్నది చూడలేదు. రాజమండ్రి ఆంధ్రా పేపర్ ఒక వరసలో పెట్టాను, వెస్ట్ కోస్ట్ పేపర్ ఇంకో వరసలో పెట్టాను. 2019లో వెస్ట్ కోస్ట్ వాళ్లే ఆ రాజమండ్రి కంపెనీని తీసుకున్నారు. కాబట్టి వెస్ట్ కోస్ట్ ఉమ్మడి లెక్కలో ఆంధ్రా పేపర్ కూడా ఉంది. నేను రెండూ కూడితే రాజమండ్రి మిల్లును రెండుసార్లు లెక్కపెట్టినట్టు! అలాగే కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికొచ్చింది. జేకే విడి లెక్క తీసుకుంటే సిర్పూర్ కనపడదు, ఉమ్మడి లెక్కలోనే కనపడుతుంది. అన్ని కంపెనీలకూ ఒకే రకం తీసుకోవాలి, కూడేటప్పుడు ఎవరి కడుపులో ఎవరున్నారో చూసుకోవాలి.

రెండు, ఏ లాభం అన్నది చూడలేదు. మన కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు మిత్రులకు ఇది బాగా తెలుసు, ఇంట్లో ఏటా ఈ చర్చ జరుగుతుంది కాబట్టి. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సింగరేణి కార్మికుల వాటా ప్రకటించింది. 2023-24 లాభం 4,701 కోట్లని, అందులో 2,289 కోట్లు విస్తరణకు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం కార్మికులకని చెప్పింది. 33 శాతం అన్న మాట ఒక్కటే. కానీ కింద పెట్టే అంకె 4,701 అయితే ఒక మొత్తం, 2,412 అయితే ఇంకో మొత్తం. శాతం విన్నప్పుడల్లా "దేంట్లో శాతం?" అని అడగాలి. కాగితం విషయంలో నేను చేసిన తప్పూ ఇలాంటిదే. ఐటీసీ వరసలో వడ్డీ, పన్నులకు ముందు లాభం రాసి, జేకే వరసలో అన్నీ పోగా మిగిలిన నికర లాభం రాశాను. కర్రను ఒకచోట తొక్కతో, ఇంకోచోట తొక్క తీసి తూచినట్టు.

మూడు, సైజు తేడా మరిచిపోయాను. 2023-24లో సింగరేణి సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది, కోల్ ఇండియా సుమారు 77 కోట్ల టన్నులు. మొత్తం లాభాలు పక్కపక్కన పెడితే ఏమీ తెలియదు. టన్నుకు ఎంత ఖర్చు, వంద రూపాయల అమ్మకానికి ఎంత లాభం, వంద రూపాయల పెట్టుబడికి ఎంత రాబడి అని చూడాలి. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో రెనాల్డ్స్ నంబర్ ఎందుకు వాడతాం? చిన్న పైపునూ పెద్ద కాలువనూ ఒకే కొలతలో చూడటానికే కదా. యూనిట్లు లేని నంబర్లు సైజు భేదాన్ని తీసేస్తాయి. ఫైనాన్స్ వాళ్ల నిష్పత్తులు కూడా అంతే.

నాలుగు, సరుకు ఒకటేనా అన్నది చూడలేదు. సారపాకలో ప్రధానంగా అట్ట, జేకేలో రాత కాగితం ఎక్కువ. తమిళనాడు న్యూస్‌ప్రింట్ అయితే చెరకు పిప్పిని కూడా ముడిసరుకుగా వాడుతుంది. కర్ర ధర పెరిగితే ఈ ముగ్గురికీ ఒకేలా తగలదు. తేడా ఉండటం తప్పు కాదు. ఆ తేడా తెలియకుండా "ఫలానా కంపెనీ బాగా నడుస్తోంది, ఫలానాది నడవట్లేదు" అని తీర్పు చెప్పడమే తప్పు.

నాన్న ప్రశ్నకు వస్తే

షీట్ మళ్లీ మొదటి నుంచి కట్టాను. ఈసారి ఒకే రకం అంకెలు, వరుస సంవత్సరాలు.

ఐటీసీ కాగితం విభాగం అమ్మకం 2022-23లో సుమారు 9,080 కోట్లు, వడ్డీ పన్నులకు ముందు లాభం సుమారు 2,290 కోట్లు. 2023-24లో అమ్మకం సుమారు 8,340 కోట్లు, లాభం సుమారు 1,380 కోట్లు. అమ్మకం తగ్గింది నూటికి 8 వంతులు. లాభం తగ్గింది నూటికి 40 వంతులు. వంద రూపాయల అమ్మకానికి 25 రూపాయలు మిగిలేచోట పదహారున్నర మిగిలింది.

హోటల్ కాడ మాట అబద్ధం కాదన్నమాట. అయితే ఇది ఈ ఒక్క మిల్లు గొడవా, అందరి గొడవా? ఇక్కడే పక్క కంపెనీ అవసరం. జేకే పేపర్ ఉమ్మడి నికర లాభం 2023-24లో 1,100 కోట్ల పైన ఉండి, 2024-25లో సగానికంటే బాగా కిందికి పడింది. దెబ్బ కాస్త ఆలస్యంగా తగిలినా, తగిలింది మాత్రం రంగం మొత్తానికి. పోలిక చేసే అసలు ఉపకారం ఇదే. ఒక్కరికే జ్వరం వస్తే ఆ ఒంట్లో ఏదో ఉన్నట్టు, ఊరందరికీ వస్తే నీళ్లలో ఏదో ఉన్నట్టు.

నీళ్లలో ఏముంది? దీనికి అంకెలు చాలవు, నివేదికల్లో యాజమాన్యం రాసే వివరణ చదవాలి. అక్కడ రెండు మాటలు మళ్లీ మళ్లీ కనిపించాయి. చైనా, ఇండోనేషియా నుంచి చౌకగా దిగుమతవుతున్న సరుకు వల్ల కాగితం, అట్ట ధరలు పడ్డాయి. ఇంకోటి, దేశంలో కర్ర ధరలు బాగా పెరిగాయి.

రెండో మాట దగ్గర నేను ఆగిపోయాను. మిల్లుకు లాభం తగ్గడానికి ఒక కారణం మన కర్రకు ధర పెరగడం! మిల్లు లెక్కలో "వాడిన ముడిసరుకు ఖర్చు" అని రాసే అంకె మా నాన్న లెక్కలో ఆదాయం. అదే డబ్బు, అక్కడ ఖర్చు వైపు, ఇక్కడ జమ వైపు. మిల్లు లాభం పడిందంటే రైతుకు నష్టమని మేమందరం అనుకున్నాం. ఈసారి కొంతవరకు ఉల్టా జరిగింది. అలాగని మిల్లు ఎంత నలిగితే మనకంత మంచిదని కాదు. దిగుమతులు ఇలాగే కొనసాగితే మిల్లులు కొనుగోలు తగ్గించుకోవచ్చు. అప్పుడు ఇద్దరికీ దెబ్బే.

ఇంకో సంగతి కూడా ఉంది. ధర బాగున్నప్పుడు అందరూ మొక్కలు పెడతారు. ఆ కర్రంతా నాలుగేళ్ల తర్వాత ఒకేసారి మార్కెట్టుకు వస్తుంది. ఏ వార్షిక నివేదికలోనూ ఈ నాలుగేళ్ల తర్వాతి అంకె ఉండదు. లెక్కలన్నీ జరిగిపోయినవే, మనం వేసే మొక్క జరగబోయేది.

పామాయిల్ సంగతీ చూశాను. అశ్వారావుపేట వైపు ఫ్యాక్టరీలున్నాయి, కొనేవాళ్లకు కొదవ లేదు. కానీ గెలల ధర దేశంలో నూనె ధరను బట్టి, అది దిగుమతి సుంకాన్ని బట్టి మారుతుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ మీద సుంకం పెంచింది, 2025 మే చివర్లో తగ్గించింది. జామాయిల్ నాలుగేళ్లకోసారి మనల్ని అడుగుతుంది, ఉంచుతావా తీసేస్తావా అని. పామాయిల్ ఒకసారి పెడితే పాతికేళ్లకు పైగా అడగదు. పైగా దానికి ఎండాకాలం కూడా నీళ్లు తప్పనిసరి. మా బోరు సంగతి మా నాన్నకు నాకంటే బాగా తెలుసు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు షీట్ ప్రింట్ తీసుకెళ్లి, ఏ వరస ఏమిటో ఒక్కొక్కటే చెప్పాను. నాన్న మధ్యలో రెండుసార్లు ఆపి అడిగాడు. మొదటిది, "ఇందుల మన సారపాక ఒక్కదాని లెక్క లేదు గదా?" లేదన్నాను. రెండోది, "వచ్చే నాలుగేండ్ల రేటు లేదు గదా?" అదీ లేదన్నాను.

కాసేపు కాగితం వైపు చూసి అన్నాడు: "సరే. బోరు పక్కన ఎకరం పామాయిల్ పెడదాం. మూడెకరాల చిగురు ఉంచుదాం. మిల్లు పడిపోతదని భయపడి మాత్రం పీకొద్దు, అంతే గదా నువ్వు చెప్పేది?"

అంతే, నానా. నా షీట్ చెప్పగలిగింది కూడా అంతవరకే. నాలుగేళ్ల తర్వాత ధర ఎంతుంటుందో అది చెప్పలేదు. హోటల్ దగ్గర విన్న ఒక్క వాక్యాన్ని పట్టుకుని నాలుగెకరాలు పీకే పని మాత్రం తప్పించింది.

మిత్రులారా, మనలో చాలామంది క్యాంపస్ ఇంటర్వ్యూలకు తయారవుతున్నాం. "మా కంపెనీ ఏటా ఇంత పెరుగుతోంది" అని వాళ్లు స్లైడ్ చూపిస్తారు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఒక్క సాయంత్రం కేటాయించండి. ఆ కంపెనీ విడి లెక్క, ఉమ్మడి లెక్క, మీరు చేరబోయే విభాగం లెక్క, అదే పని చేసే ఇంకో రెండు కంపెనీల ఐదేళ్ల లెక్క పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతి వరస పక్కన ఏ సంవత్సరం, ఏ లాభం, ఎక్కడి నుంచి తీసుకున్నారో రాసుకోండి. తర్వాత ఆ షీట్ ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. నాకైతే మా నాన్న అడిగిన ఆ రెండు ప్రశ్నలు ఏ డేటాబేస్‌లోనూ దొరకలేదు.